హగ్గయి అంటే అగ్గి కాదు

పాస్టరు పనిలోకి కొత్తగా వచ్చే కుర్రవాళ్ళు నా దగ్గరికొచ్చి అడిగేవి రెండే ప్రశ్నలు. ప్రసంగం ఎంతసేపు చెయ్యాలి, మోటారు సైకిలు ఏది కొనాలి. మొదటిదానికి నా జవాబు: ఇళ్ళల్లో కూర మాడకముందే ముగించాలి. రెండోదానికి: మీ ఊరి మెకానిక్కుకు ఏది బాగుచెయ్యడం వస్తే అది కొనాలి. ఈ రెండూ చెప్పగానే నా అనుభవమంతా అయిపోయిందనుకుని దండం పెట్టి వెళ్ళిపోతారు. అసలు పని సంగతి ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పడం మా వృత్తిలో అలవాటే కాబట్టి రాస్తున్నాను.

మాది వేంసూరు వైపు. పని చేసిందంతా పామాయిలు తోటలు ముగిసి అడవి మొదలయ్యే ఊళ్ళలో, అశ్వారావుపేట నుంచి భద్రాచలం దాకా. ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అయిందో, ఏ కమిటీలో ఏ కుర్చీలో కూర్చున్నానో రాయను. అవి నాకే గుర్తు లేవు. ఒక్క పేరు గురించి రాస్తాను. ఒక పసివాడికి నేను పెట్టిన పేరు, దాంతో నేను చేసిన తప్పు, ఆ తప్పును దిద్దడానికి నాకు సాయం చేసిన ఒక దర్జీ. ఇంతే సంగతి.

పేరు పెట్టడం కూడా పనే

చదువుకునేటప్పుడు మాకు పెళ్ళి ఎలా చెయ్యాలో, భూస్థాపన ఎలా చెయ్యాలో నేర్పారు. పేరు పెట్టడం ఎవరూ నేర్పలేదు. తీరా ఊళ్ళోకి వచ్చాక చూస్తే, వారంలో ఒక ఇంట్లోనైనా పసిపిల్లను చేతిలో పెట్టి, "మీరే పెట్టున్రి అయ్యగారూ, వాక్యంల నుంచి మంచి పేరు" అంటారు. ఆ పేరు బాప్తిస్మం రోజు నీళ్ళు పోసేదాకా ఎవరికీ చెప్పకూడదని ఆ ఊళ్ళ ఆచారం. తల్లికి కూడా చెప్పరు. అందరూ చెవులు రిక్కించి వింటారు. మనిషికి ఇంత అధికారం ఉండటం మంచిది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను మొదట పనిచేసిన చోట నా పైనున్న పెద్ద పాస్టరు గారు ఒక సూత్రం చెప్పారు. "పేరు అడగగానే చెప్పొద్దు. ఇంటికి పో. నీళ్ళు తాగు. అర్థం చూడు. మూడు రోజులు ఆగి చెప్పు." నేను ఇంటికి వెళ్ళి నీళ్ళు తాగడం వరకూ తు.చ. తప్పకుండా పాటించాను. అర్థం చూడటం దగ్గర బద్ధకం అడ్డొచ్చేది. ఆ బద్ధకంతో ఒకే ఊళ్ళో నాలుగేళ్ళలో ముగ్గురు సమూయేళ్ళను తయారుచేశాను. ఊరివాళ్ళు వాళ్ళను బావికాడి సమూయేలు, ట్రాక్టరు సమూయేలు, ఏడుపు సమూయేలు అని విడదీసుకున్నారు. మూడోవాడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ ఏడుపు సమూయేలే.

అడవి లోపలి గూడెంలో ఒక కోయ పెద్దాయన నన్ను సూటిగా పట్టుకున్నాడు. ఆయన మనవరాలి పెళ్ళికి వెళ్ళినప్పుడు, నేను పేరు పెట్టిన ఒక పిల్లవాణ్ణి చూపించి, "ఈ పేరుకు అర్థమేంది?" అని అడిగాడు.

"అది ప్రవక్త పేరు తాతా," అన్నాను.

"ఎవరి పేరో చెప్పినవ్. అర్థమేందని అడిగిన."

నాకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే సిగ్గు తెచ్చుకుని ఉంటే ఈ కథ జరిగేది కాదు.

కప్పు లేని మందిరం, చెక్కల సీలింగు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను అశ్వారావుపేటకు అవతల ఒక ఊరికి వేశారు. ఊరి పేరు రాయను. అక్కడ ఇప్పటికీ నాకు భోజనం పెట్టే ఇళ్ళున్నాయి, వాటిని పోగొట్టుకోలేను.

ఆ ఊరి మందిరం గోడలు కిటికీల పైదాకా లేచి ఆగిపోయి ఉన్నాయి. పైకప్పు లేదు. నీలం రంగు పట్టా ఒకటి తాళ్ళతో లాగి కట్టి, దాని కిందే ఆరాధన. వానాకాలంలో పట్టా మధ్యలో నీళ్ళు నిలిచి కడుపులా వేలాడేది. ప్రార్థన మధ్యలో ఒకరు లేచి కర్రతో పైకి పొడిస్తే భళ్ళున నీళ్ళు వెనక కూర్చున్నవాళ్ళ మీద పడేవి. ఆలస్యంగా వచ్చేవాళ్ళే వెనక కూర్చుంటారు కాబట్టి మొదట్లో నాకు అది న్యాయంగానే తోచింది.

కర్రతో పొడిచే ఆ మనిషి సంఘపెద్ద ఇస్సాకు. పామాయిలు గెలలు కోసే కూలీలకు మేస్త్రీ, చేతిలో మంచి వడ్రంగం కూడా ఉంది. మందిరం కట్టే పని ఆయన మీదే ఉంది. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "కోతలు కానియ్యిన్రి అయ్యగారూ." కోతలయ్యాక "వానలు పోనియ్యిన్రి." వానలు పోయాక మళ్ళీ కోతలు వచ్చేవి.

ఒకరోజు ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళాను. పెంకుటిల్లు. ముందు గదిలో కూర్చుని తల ఎత్తితే పెంకులు కనిపించలేదు. గది మొత్తానికి కొత్తగా చెక్కపలకల సీలింగు. నున్నగా చిత్రిక పట్టి, పాలిష్ చేసి, సందు లేకుండా బిగించాడు. నేను తినడం ఆపేశాను. దేవుని ఇంటికి పట్టా, ఈయన ఇంటికి పలకలా! ఆయన భార్య దీనమ్మ, "కూర మంచిగ లేదా అయ్యగారూ?" అని రెండుసార్లు అడిగింది. కోడికూర బ్రహ్మాండంగా ఉంది. నేనే బాగా లేను.

ఆ నెలలోనే ఇస్సాకు కోడలు కరుణ మగపిల్లవాణ్ణి కన్నది. ఇంట్లో మొదటి మనవడు. "పేరు మీరే పెట్టున్రి," అని దీనమ్మ కబురు పంపింది.

ఇక్కడ మీకు ఒక ప్రవక్త సంగతి చెప్పాలి. చెరనుంచి తిరిగొచ్చిన యూదులు తమ గుడి పాడుపడి ఉండగా ఎవరి ఇళ్ళు వాళ్ళు కట్టుకుంటూ కూర్చున్నారు. దేవుడు హగ్గయి అనే ప్రవక్తను పంపి నిలదీశాడు. మీరు పలకలు కొట్టిన ఇళ్ళలో ఉంటారు, నా ఇల్లు మాత్రం పాడుగా ఉండాలా అని. ఆ పలకల కప్పుకు మా పాత అనువాదంలో 'సరంబీ' అనే మాట ఉంటుంది. ఎన్నో ఏళ్ళు చదివాను గానీ ఆ మాట నాకు కళ్ళకు కట్టింది ఇస్సాకు ముందు గదిలోనే. ఇక ఆగుతానా?

బాప్తిస్మం రోజు పట్టా కింద ఊరంతా కూర్చున్నారు. పసివాడి నుదుటి మీద నీళ్ళు పోసి, "హగ్గయి," అన్నాను. తర్వాత ఆ ప్రవక్త మీదే ప్రసంగం. సీలింగు అనే మాట ఒక్కసారి కూడా అనలేదు. అనాల్సిన అవసరమే లేకుండా, కూర్చున్న తలలన్నీ ఒక్కొక్కటిగా ఇస్సాకు వైపు తిరిగాయి. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. దీనమ్మ పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు మహా సంతోషంగా ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ సుగుణ అన్నం వడ్డిస్తూ ఒక్క మాటంది. "ఇస్సాకన్నను తిట్టాలంటే ఇస్సాకన్ననే తిట్టాల్సింది. ఆ పేరు బతుకంతా మోసేది పిల్లాడండీ, మీరు కాదు."

ఆడవాళ్ళకు వాక్యం లోతు ఏం తెలుసని మనసులో అనుకున్నాను. పైకి అనే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మరుసటి ఆదివారం నుంచి ఇస్సాకు మందిరానికి రావడం మానేశాడు. దీనమ్మ, కరుణ వచ్చేవాళ్ళు గానీ ఆయన రాలేదు. నా గొప్ప ప్రసంగంతో ఒక్క రేకు కూడా పైకెక్కలేదు సరికదా, పట్టాను కర్రతో పొడిచే మనిషి కూడా పోయాడు. ఆ వానాకాలం ముందు వరసల్లో కూర్చున్న మంచివాళ్ళూ తడిశారు.

అగ్గయ్య

మా వైపు నోళ్ళలో 'హ' నిలవదు. వారం తిరక్కుండా హగ్గయి అగ్గయి అయ్యాడు. నెల తిరక్కుండా అగ్గయ్య అయ్యాడు. పలకడానికి సులువుగా ఉంది, మర్యాదగానూ ఉంది. ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ ఎండాకాలం ఇస్సాకు వాళ్ళ గడ్డివాము కాలిపోయింది. ఎవరో చుట్ట ముట్టించి పుల్ల పారేసుంటారు. ఆర్పడానికి బిందెలతో పరుగెత్తినవాళ్ళలో ఒకడు, "అగ్గయ్య పుట్టిన యేళ ఏందో గానీ," అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత పక్క ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారను కాలింది. "అగ్గయ్య ఆ దిక్కు పోయిండా ఏంది?" కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. "అగ్గయ్యకు కోపమొచ్చింది." ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాలబెట్టేవాళ్ళు కూడా, నిప్పు కాస్త పక్కకు పాకితే ఆ పసివాడి పేరే చెప్పేవాళ్ళు. ఊరికి అది నవ్వులాట. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను.

దీనమ్మకు అది నవ్వులాట కాలేదు. మనవడంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రాణం వల్లే భయం. వాడు పాకడం మొదలెట్టినప్పటి నుంచి వంటింటి గడపకు అడ్డంగా పలక పెట్టింది. కల్లంలోకి రానిచ్చేది కాదు. పెళ్ళిళ్ళకు పోతే వంటలకు గాడిపొయ్యి తవ్విన వైపు వాణ్ణి ఎత్తుకుపోవద్దని కరుణను కసిరేది. పిల్లవాడికి నాలుగేళ్ళొచ్చేసరికి ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా వాడే జాగ్రత్తపడేవాడు. ఎవరింట్లోనైనా పొయ్యి వెలుగుతుంటే గడప అవతలే ఆగిపోయేవాడు.

ఒకరోజు సుగుణ గారెలు వేస్తూ వాణ్ణి లోపలికి పిలిచింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు.

"నేను రాను అమ్మగారూ. నేనొస్తె అంటుకుంటది."

సుగుణ మూకుడు దించేసి బయటికొచ్చి గారె వాడి చేతిలో పెట్టింది. వాడు ఊదుకుంటూ తిన్నాడు. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. వాడి చేతులు వెనక్కి కట్టింది నేనేనని ఆ క్షణాన తెలిసింది. తెలిసినా ఏం చెయ్యాలో తెలియక ఇంకో ఏడాది గడిపాను. మా వృత్తిలో ఉన్న జబ్బు ఇది. తప్పు ఎదుటివాడిదైతే ఆదివారం దాకా కూడా ఆగం, మనదైతే ఏళ్ళు ఆగుతాం.

సూపరింటెండెంట్ గారు అడిగిన ప్రశ్న

పిల్లవాడికి అయిదేళ్ళు నిండి బడిలో వేసే వేళయింది. ఒక మధ్యాహ్నం కరుణ బడి ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అయ్యగారూ, మా అత్తమ్మ పేరు మార్పియ్యమంటున్నది. ప్రవీణ్ అని రాసియ్యమంటున్నది. బడిల గూడ అగ్గయ్యనే అయితె ఇగ వానికి ఆ పేరు పోదంట. సంఘం రిజిస్టర్ల గూడ మీరే మార్చాలంట."

ఆ సమయానికి మా సూపరింటెండెంట్ గారు మా ఇంట్లో భోజనం చేస్తున్నారు. మా ప్రాంతంలోని పాస్టర్లందరికీ ఆయనే పై అధికారి. లెక్కలు చూడటానికి వచ్చేవారు గానీ పెసరపప్పు చూసి మెత్తబడేవారు. ఆయన ముద్ద ఆపి, "పిల్లాని పేరేంది?" అన్నారు.

"హగ్గయండి," అన్నాను.

"మంచి పేరు. అర్థమేంది?"

మళ్ళీ అదే ప్రశ్న. గూడెం తాత అడిగినప్పుడు నవ్వేసి తప్పించుకున్నాను. ఈసారి నవ్వడానికి వీల్లేదు. "రెండు అధ్యాయాల చిన్న గ్రంథమండి, మందిరం కట్టమని ప్రజలను గద్దించిన..."

"ఆయనేం చేసిండో అడగలే. పేరుకు అర్థమేంది?"

"తెలియదండి."

సూపరింటెండెంట్ గారు చెయ్యి కడుక్కున్నారు. పెసరపప్పు ఇంకా సగం ఉండగానే! ఆయనకు కోపం వచ్చిందని అప్పుడు అర్థమైంది. కరుణను కూర్చోమని, ఆమెకే చెప్పడం మొదలుపెట్టారు.

"హగ్గయి అంటే పండుగ బిడ్డమ్మా. హీబ్రూల హగ్ అంటే పండుగ. కోతలైనంక జనమంత కలిసి గుడికి పోయి జేసుకునే పండుగ. ఆ ప్రవక్త పండుగనాడు పుట్టిండేమో, అందుకే ఆ పేరు పెట్టిన్రంటరు. ఆయన తిట్టింది నిజమే. కానీ ఎంతసేపు తిట్టిండు? నాలుగు మాటలు. జనం లేచి పనిల దిగంగనే దేవుడు చెప్పిన మాటేంది? నేను మీకు తోడున్ననని. కొత్త గుడి పాతదానికంటె గొప్పగుంటదని. ముసలోళ్ళు ఆ గుడి జూసి చిన్నగుందని ఏడ్సిన్రు. కానీ ఆ గుడిలకే ఎన్నో ఏండ్ల తర్వాత ఒక తల్లి తన పసిగుడ్డును ఎత్తుకొచ్చింది. మన యేసయ్యను. ఆ గుడి గొప్ప అదేనని మన పెద్దలు చెప్తరు. తిట్టే ప్రవక్తకు పండుగ అని పేరెందుకు? తిట్టు ఆఖర్న పండుగ దాక పోవాలె గనుక."

కరుణ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన నా వైపు తిరిగారు.

"ప్రభాకర్, నువ్వు తిట్టు దగ్గర్నే ఆగినవ్."

నేను రిజిస్టరు తియ్యబోయాను, పేరు మార్చేద్దామని. ఆయన వారించారు. "కాయితం మీద మారిస్తె ఊరు మరుస్తదా? వాడు ప్రవీణ్ అని రాసుకుంటడు, ఊరు అగ్గయ్య అనే పిలుస్తది. మారాల్సింది పేరు గాదు, నువ్వు చెప్పిన అర్థం. బడి తెరవనీకి పది రోజులున్నది. పో. ఆ ఇంటికి పో."

మీకు ఇలాంటి అధికారి దొరికితే అదృష్టం. దొరక్కపోతే అర్థం అడిగే తాత దొరుకుతాడు, ఆయన మాటైనా వినండి.

అయిదేళ్ళ తర్వాత ఆ సీలింగు కింద

ఇస్సాకు ఇంటి ముందు గదిలో మళ్ళీ కూర్చున్నాను. తల ఎత్తలేదు. ఆయన మంచం మీద కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. దీనమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇస్సాకన్నా, తప్పు చేశాను," అన్నాను. "నీ మీది కోపం పిల్లవాడి పేరులో పెట్టాను. ఆ పేరుకు అర్థం కూడా తెలుసుకోలేదు. క్షమించు."

ఆయన ఉలి నూరడం ఆపాడు. తర్వాత ఉలి కొనతో పైకి చూపించాడు.

"ఈ సీలింగు ఎందుకేసిన్నో మీరు ఎన్నడన్న అడిగిన్రా?"

"లేదు."

"కరుణ కడుపుతోటున్నది. ఏడో నెల. ఈ గదిల్నే పండుకుంటె పెంకుల సందుల నుంచి తేలు పడ్డది, దాని కడుపు మీద. కుట్టలే. దులుపుకున్నది. గానీ ఆ పిల్ల మళ్ళ ఇంట్ల పండలే. వాకిట్ల పండుకునేది, వానొస్తె కూసునేది. గందుకేసిన. పుట్టేటోడి మీద తేలు పడొద్దని ఏసిన." ఉలి పక్కన పెట్టాడు. "గా పుట్టినోనికే మీరు గా పేరు పెట్టి, గందరి ముందు నన్ను జెప్పుతోటి కొట్టినట్టు జేసిన్రు."

ఎవడి కోసం ఆ పలకలు బిగించాడో వాడి నుదుటి మీదే నేను ఆ నింద రాశాను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. కోడికూర తింటూ, "ఇస్సాకన్నా, సీలింగు బాగుందే, ఎందుకేశావు?" అని అడిగి ఉంటే చాలు. నేను ఆ మనిషి కాళ్ళు పట్టుకోబోతే ఆయన గబుక్కున లేచి నా చేతులు పట్టుకున్నాడు. "అయ్యగారు కాళ్ళు పట్టుకుంటె మాకు పాపం," అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. మనసు తేలికైంది.

దీనమ్మ మాత్రం కరగలేదు. హగ్గయి అంటే పండుగ అని నేను చెప్పగానే చేతులు నడుం మీద పెట్టుకుంది.

"అప్పుడు తిట్టన్నరు, ఇప్పుడు పండుగంటున్రు. రేపు ఇంకేమంటరో. మీ మాట నమ్మాల్నంటె ఎట్ల అయ్యగారూ? మీరే పెట్టిన్రు, మీరే సాక్షి. గిట్లయితె ఎట్ల?"

అవును మరి. పేర్ల విషయంలో ఆ ఇంట్లో నా మాటకు విలువ పోయింది. పోగొట్టుకున్నది నేనే.

దర్జీ సాక్ష్యం

బడి బట్టలు కుట్టించాలని దీనమ్మ మనవణ్ణి తీసుకుని అశ్వారావుపేట వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. నమ్మకం పోయినా నన్ను వద్దనలేదు, ఆమె మంచితనం. దర్జీ యాకూబ్ సాబ్ నా తెల్లంగీలు కుట్టేవాడు. అంతకు రెండేళ్ళ ముందే మక్కాకు వెళ్ళి వచ్చాడు. గడ్డానికి గోరింటాకు పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని పిల్లవాడి భుజాలు కొలుస్తున్నాడు.

"బేటా, పేరేంది?"

పిల్లవాడు నానమ్మ వైపు చూశాడు. దీనమ్మ తల తిప్పుకుంది. నేను చెప్పాను. "హగ్గయి."

యాకూబ్ సాబ్ టేపు వదిలేసి నవ్వాడు. "అరె! నన్ను గూడ గట్లనే పిలిచిన్రు గద!"

దీనమ్మ చటుక్కున తిరిగింది. "ఎవలు సాబ్?"

"మక్కాల అమ్మా. మా పక్క బసల మిస్రీ వాళ్ళు, అంటె ఈజిప్టోళ్ళు, మంచోళ్ళు. వాళ్ళ నోట్ల 'జ' రాదు, 'గ' వస్తది. మనం హజ్ అంటం గద, వాళ్ళు హగ్గ్ అంటరు. హజ్‌కొచ్చిన పెద్దమనిషిని ఇజ్జత్‌తోని పిలవాల్నంటె, 'యా హగ్గ్, ఇటు రా. యా హగ్గ్, చాయ్ తాగు.' నలభై రోజులు నేను హగ్గునే!"

"మరి దానికి అర్థమేంది?" గుక్క తిప్పుకోకుండా అడిగింది దీనమ్మ.

"ఏముంటది అమ్మా, హజ్ యాత్ర. మాకదే పండుగ. దేవుని దగ్గరికి జనమంత కలిసి పోయే పెద్ద పండుగ."

"అగ్గి గాదా?"

"అగ్గి ఎట్లయితది? నన్ను నలభై రోజులు పిలిచిన్రు, నేనేమన్న అంటుకున్ననా?" అని చేతులు చాచి చూపించాడు.

దీనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత నా వైపు అదోలా చూసింది. అయిదేళ్ళు థియాలజీ చదివినవాడు చెప్పలేనిది కుట్టుమిషను తొక్కేవాడు చెప్పాడే అని ఆ చూపు. ఆమె మనవణ్ణి దగ్గరికి లాక్కుని, "యాకూబ్ సాబ్, నిక్కరు కొంచెం పొడుగు కుట్టు, పిలగాడు ఎదుగుతడు," అంది. బడి ఫారంలో ఏ పేరు రాయాలో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. కరుణ హగ్గయి అనే రాసింది.

ఆ ఆదివారం పట్టా కింద నిలబడి, అయిదేళ్ళ కింద చేసిన ప్రసంగం తప్పని చెప్పాను. తేలు సంగతి ఇస్సాకు అనుమతితోనే చెప్పాను. పండుగ సంగతి చెప్పాను. దర్జీ సంగతి చెబితే అందరూ నవ్వారు. ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయింది. నేను చేసినవాటిలో అదే మంచిదని సుగుణ ఇప్పటికీ అంటుంది. చిన్నదనా, నిజమనా అని అడిగితే చెప్పదు.

సోమవారం పొద్దున్నే మందిరం దగ్గర సుత్తి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే గోడమీద ఇస్సాకు దూలాలు కొలుస్తున్నాడు. "కోతలు కానియ్యవా అన్నా?" అన్నాను. "కోతలలోపు ఏస్త," అన్నాడు కిందికి చూడకుండా.

కోతపండుగ

అన్నట్టే వేశాడు. ఆ ఏడు కోతపండుగ కొత్త రేకుల కింద చేసుకున్నాం. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, ఒక పామాయిలు గెల, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు అన్నీ బల్ల ముందు పెట్టారు. వాన పడింది. రేకుల మీద ఆ మోతకు నా ప్రార్థన ఎవరికీ వినపడలేదు. అయినా అందరూ తలెత్తి పైకి చూస్తూ నవ్వుతూనే ఉన్నారు. వెనక కూర్చున్నవాళ్ళు మరీ ఎక్కువగా.

వాన వెలిశాక మందిరం వెనక ప్రేమవిందుకు గాడిపొయ్యి తవ్వారు. డేగిసాలు ఎక్కించారు. కట్టెలు పేర్చారు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. హగ్గయి అలవాటు ప్రకారం పది అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త బడి నిక్కరులో నిలబడి ఉన్నాడు. అర్థం మారిందని మేమంతా చెప్పినా వాడి కాళ్ళకు ఇంకా తెలియలేదు.

దీనమ్మ రొంటిన ఉన్న అగ్గిపెట్టె తీసింది. చుట్టూ చూసింది. గొంతెత్తి పిలిచింది.

"అగ్గయ్యా! ఇటు రా."

అందరూ వాడి వైపు తిరిగారు. పిల్లవాడు కదల్లేదు. ఆమె తనే వెళ్ళి, వాడి చెయ్యి ముందుకు లాగి, గాడిపొయ్యి దగ్గరికి నడిపించుకొచ్చింది. అగ్గిపెట్టె వాడి అరచేతిలో పెట్టింది.

"పండుగ పొయ్యి. నువ్వే అంటియ్యి."

వాడు పెట్టె తెరిచాడు. పుల్ల తీసి గీశాడు. విరిగింది. ఇంకోటి గీశాడు. భగ్గుమని వెంటనే ఆరింది. మూడోది గీకీ గీకీ మందంతా రాలిపోయింది. నాలుగోదాన్ని తలకిందులుగా పట్టుకుని గీశాడు. ఇస్సాకు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. వాడు బిక్కమొహం వేసుకుని తలెత్తాడు.

"నానమ్మా, అంటుకుంటలే."

దీనమ్మ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగలేకపోయింది.

"ఓరి నీ పాడుగాను! అయిదేండ్ల సంది ఊరంత కాలబెడ్తవని నిన్ను జూసి దడుసుకుంటి. పుల్ల గూడ గియ్యరాదేందిరా నీకు!"

గాడిపొయ్యి చుట్టూ నవ్వులు పేలాయి. ఆమె వాణ్ణి వెనకనుంచి పొదివి పట్టుకుని, వాడి రెండు చేతుల మీదా తన చేతులు వేసి, ఇంకో పుల్ల గీయించింది. అది అంటుకుంది. వాడు దాన్ని ఎండుకొమ్మల్లో పెట్టి, ఈసారి వెనక్కి జరగకుండా, కిందికి వంగి ఊదాడు.